స్క్రూ తిప్పే ముందు



"కారు నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుందండీ. సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం ఒకటే వణుకు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఆఫ్ అయిపోతుంది." పాత కారు ఉన్నవాళ్లకు ఈ మాటలు కంఠతా వచ్చు. ఇవి వినగానే షెడ్డులో ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలుసు. కుర్రవాడు బానెట్ ఎత్తుతాడు, కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ అర చుట్టు తిప్పుతాడు. ఇంజను గొంతు పెంచుతుంది, వణుకు తగ్గుతుంది. "ఐడ్లింగ్ తక్కువుంది సార్, పెంచాను" అంటాడు. పది రోజులు తిరిగేసరికి మళ్లీ అదే గోల, మళ్లీ అర చుట్టు. ఇలా నాలుగైదుసార్లయ్యాక న్యూట్రల్‌లో నిలబడి కూడా ఇంజను అరుస్తూ ఉంటుంది. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గేరులో ఉన్నా బండి వేగం తగ్గదు. మొదట వచ్చిన రోగం మాత్రం లోపల అలాగే ఉంటుంది.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ స్క్రూ గురించే. అది చివర్న ముట్టుకోవలసిన వస్తువు. అంతకుముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో సగానికి పైసా ఖర్చు లేదు, పెద్ద పనిముట్లూ అక్కర్లేదు.

మాట్లాడుకోవడానికి ఒక బండి కావాలి కాబట్టి మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆగింది. మధ్యలో పాతిక లక్షలకు పైగా ఈ దేశంలోనే అమ్ముడుపోయాయి. మన ఊళ్లలో చాలా కుటుంబాల తొలి కారు అదే. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. 2000 ప్రాంతం దాకా వచ్చినవన్నీ కార్బొరేటర్ బళ్లే, ఆ తర్వాత కంప్యూటరే పెట్రోలు కొలిచి పోసే ఎంపీఎఫ్ఐ వచ్చింది. ఈ కారు గురించి చెప్పేదంతా కొద్ది మార్పులతో అంబాసిడర్‌కీ పద్మినీకీ కూడా పనికొస్తుంది.

అసలు రోగం ఐడ్లింగ్‌లోనే ఎందుకు బయటపడుతుంది? రోడ్డు మీద మూడు వేల చుట్లు తిరుగుతున్న ఇంజనుకు ఒక స్పార్క్ తప్పినా ఫ్లైవీలు వేగం దాన్ని ఈడ్చుకుపోతుంది. ఐడ్లింగ్‌లో ఆ ఊపు లేదు. నిమిషానికి సుమారు 900 చుట్లు, అంటే మూడు సిలిండర్లూ కలిపి సెకనుకు ఇరవై రెండు మంటలు. అందులో ఒక్కటి తప్పినా స్టీరింగ్ మీదున్న చేతికి తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి పోతే పావు వంతు బలం పోతుంది. ఇక్కడ మూడో వంతు పోతుంది, అందుకే మారుతి అంతలా ఊగుతుంది.

గాలి సంగతి కూడా ఉంది. యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది. సిలిండర్లు మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటాయి. ఆ రేకుకీ సిలిండర్లకీ మధ్యనున్న మానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలిలో సగం కూడా ఉండదు. కొబ్బరిబోండంలో వేసిన స్ట్రాకి మధ్యలో చీలిక ఉంటే ఎంత పీల్చినా నీళ్లకు బదులు గాలే వస్తుంది చూడండి, మానిఫోల్డ్‌కి ఎక్కడ కన్నం పడినా అంతే. వేగంగా పోతున్నప్పుడు ఇంజను తాగే గాలి ముందు ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. ఐడ్లింగ్‌లో తాగేదే గుక్కెడు గాలి కాబట్టి పెన్సిల్ ములికంత కన్నం కూడా ఇంజన్ని ఆపేయగలదు.

సరే, పరీక్ష మొదలుపెడదాం. మొదటి పరికరం నోరు. అడగాలి. తెనాలి వైపు ఒక రిటైర్డ్ మాస్టారి బండి చూడటానికి వెళ్లాను. పిల్లలిద్దరూ అమెరికాలో ఉంటారు. కారు పెంకుల షెడ్డులో, గుడ్డ కప్పుకుని ఉంటుంది. అప్పటికే ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, బ్యాటరీ కూడా కొత్తది వేశారు.

"ఎప్పుడు ఆగుతుంది మాస్టారూ?"

"ఎప్పుడూ ఆగుతుందయ్యా. అదేగా నా బాధ."

"పొద్దున్నే స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకనా?"

ఆయన కాసేపు ఆలోచించారు. "చోక్ లాగి ఉంచినంతసేపూ ఆగదు. లోపలికి నొక్కానా, అయిపోయిందే."

ఈ సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు. ప్లగ్గులు మార్చినవాళ్లూ కాయిల్ మార్చినవాళ్లూ అడగలేదు, అంతే. రోగంలో సగం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. చోక్ లాగితే గాలి తగ్గి మిశ్రమంలో పెట్రోలు పాళ్లు పెరుగుతాయి. అలా పెంచితే నడిచి, మామూలుగా ఉంచితే ఆగిపోయే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదన్నమాట, లేదా గాలి ఎక్కడినుంచో ఎక్కువగా దూరుతోందన్నమాట. మెకానిక్కుల భాషలో లీన్. దానికి విరుద్ధంగా, వేడెక్కిన ఇంజనులో చోక్ కాస్త లాగగానే ఇంకా డీలా పడిపోతే అప్పటికే పెట్రోలు ఎక్కువైందని, అంటే రిచ్ అని. చోక్ లాగినా నొక్కినా తేడా లేకుండా ఒకే తీరుగా కుంటుతూ ఉంటే కార్బొరేటర్ని వదిలేసి కరెంటు వైపో, వాల్వుల వైపో చూడాలి. డ్యాష్‌బోర్డు మీది ఆ నాబు ఇంత పెద్ద పరీక్షా పరికరమని మనలో చాలామందికి తట్టదు.

మాస్టారి బండి లీన్ కాబట్టి ముందు గాలి వెతికాం. రబ్బరు గొట్టాలు పాతికేళ్లవి. వంచితే చివర్లు పగిలిపోతున్నాయి. మానిఫోల్డ్ నుంచి సన్నగొట్టాలు చాలా చోట్లకి పోతాయి. డిస్ట్రిబ్యూటర్ మీది డబ్బీకి ఒకటి, క్రాంక్‌కేసు పొగను మళ్లీ ఇంజనుకే పంపే పీసీవీ వాల్వుకి ఒకటి, సర్వో బ్రేకు ఉన్న బళ్లలో దానికి ఒక లావుపాటి గొట్టం. ఇంజను నడుస్తుండగా ఒక్కో గొట్టాన్నీ మానిఫోల్డ్ దగ్గర ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూడాలి. ఏది నొక్కినప్పుడు ఇంజను కుదుటపడుతుందో ఆ దారిలో చీలిక ఉంది. పీసీవీ వాల్వు విడదీసి చెవి దగ్గర ఊపితే లోపల టకటకమనాలి. చప్పుడు లేకపోతే జిగురుపట్టి బిగుసుకుపోయిందని అర్థం. బ్రేకు నొక్కినప్పుడే ఇంజను తడబడితే సర్వో లోపలి రబ్బరు పొర చిరిగిందేమోనని చూడాలి. ఇది ఐడ్లింగ్‌తో ఆగే సమస్య కాదు సుమండీ, బ్రేకుల సమస్య. ఆ బండి రోడ్డెక్కకూడదు.

గొట్టాలు బాగున్నా కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ దగ్గర గాలి కారవచ్చు. దీనికి కొందరు కార్బొరేటర్ క్లీనర్ కొడతారు, ఇంకొందరు పెట్రోలే చల్లుతారు. వేడి సైలెన్సరు పక్కన, స్పార్క్ వైర్ల పక్కన పెట్రోలు చల్లడమేమిటో నాకు అర్థం కాదు. బట్టలకు నీళ్లు చిలకరించే స్ప్రే సీసాతో మంచినీళ్లే సన్నగా ఆ అతుకు మీద కొట్టండి, వైర్ల మీద పడకుండా. ఇంజను చప్పుడు ఒక్క క్షణం మారితే కన్నం దొరికినట్టే.

ఓపిక ఉన్నవాళ్లు మానిఫోల్డ్‌లోని శూన్యాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్ కొనుక్కోవచ్చు. మంచి ఇంజను ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల మధ్య స్థిరంగా చూపుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో 18 చూపిన ఇంజను హైదరాబాదులో 16 చిల్లర చూపితే అందులో తప్పు లేదు. ముల్లు ఎంత చూపుతోందన్నదానికన్నా ఎలా కదులుతోందన్నది ముఖ్యం. తక్కువగా ఉండి కదలకుండా ఉంటే గాలి కారడమో, టైమింగ్ తేడానో. లయగా ఒక్కో దెబ్బకి కిందికి పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు.

మాస్టారి బండిలో రెండు గొట్టాలు మార్చాం. కొంత మెరుగైంది గానీ పూర్తిగా పోలేదు. ఇక పెట్రోలు వైపు చూడాలి.

కార్బొరేటర్లో ఐడ్లింగ్‌కి వేరే దారి ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ప్రధానమైన జెట్ నుంచి పెట్రోలు రాదు. ఐడిల్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క గుండా వస్తుంది. దాని కన్నం అర మిల్లీమీటరు దాకా ఉంటుంది, అంతే. అందుకే అది పూడుకుపోయినా బండి రోడ్డు మీద రాజాలా పరుగెడుతుంది, సిగ్నల్ దగ్గర మాత్రం చచ్చిపోతుంది. చాలా కార్బొరేటర్లలో ఆ దారికి ఒక కరెంటు తలుపు కూడా పెట్టారు. సాలినాయిడ్ అంటారు. తాళం ఆన్ చేయగానే అది టక్‌మని తెరుచుకోవాలి. బానెట్ ఎత్తి ఒకరు చెవి పెట్టి, ఒకరు తాళం తిప్పితే చాలు. చప్పుడు రాకపోతే దాని వైరు ఊడిందో, వదులైందో చూడండి. ఒక చిన్న వైరు మూతి తుప్పుపట్టినందుకు మొత్తం కార్బొరేటర్ మార్పించుకున్నవాళ్లున్నారు.

మాస్టారి సాలినాయిడ్ టక్‌మంది. జెట్ విప్పి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే కన్నం కనిపించలేదు. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై, అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు మొదట పట్టేది అన్నిటికన్నా సన్నటి కన్నాన్నే. పక్కనున్న కుర్రవాడు క్లచ్ కేబులు నుంచి ఒక తీగ పీకి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆపమన్నాను. ఇత్తడి మెత్తటిది. ఉక్కు తీగతో పొడిస్తే జిగురుతోపాటు ఇత్తడి కూడా గీసుకుపోయి కన్నం పెద్దదవుతుంది. ఆ తర్వాత ఆ బండి జన్మలో రిచ్‌గానే నడుస్తుంది. క్లీనర్లో నానబెట్టి గాలి కొట్టడమొక్కటే దారి. నానబెట్టాం. మర్నాటికి కన్నంలోంచి ఆకాశం కనిపించింది.

ఇలాంటి బళ్లు మన దగ్గర బోలెడు. పిల్లలు దూరదేశంలో, అమ్మానాన్నలు ఇక్కడ, కారు కొట్టంలో. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతున్నామండీ" అంటారు. ఐదు నిమిషాలు నిలబెట్టి తిప్పితే ఇంజను వేడెక్కదు, సైలెన్సర్లో నీరు పడుతుంది, ప్లగ్గుల మీద మసి పేరుకుంటుంది. దానికన్నా పదిహేను రోజులకొకసారి పక్క ఊరు దాకా పోయి రావడం మేలు. పెద్దాయన నడపలేకపోతే పక్కింటి కుర్రవాడికి తాళం ఇవ్వండి, ఏమీ అరిగిపోదు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత కార్బొరేటర్ బళ్లను దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. పెట్రోలు మండటానికి దాని బరువుకు సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. ఒకప్పటి పెట్రోలుకు సరిపోయేలా కొలిచిన జెట్ ఇప్పుడు కాస్త లీన్‌గా ఇచ్చినట్టవుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది, ట్యాంకులో ఏళ్లతరబడి అంటుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్లోకి తెస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు పెట్రోలు గొట్టాలు ఒకసారి మొత్తం మార్పించి, ఆ తర్వాత ఫిల్టరు కాస్త తరచుగా మారుస్తూ ఉండటం మంచిది. అంతకు మించి భయపడవలసింది నాకైతే కనిపించలేదు.

రిచ్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది తనంతట తానే చెప్పుకుంటుంది. నల్లపొగ, పచ్చిపెట్రోలు వాసన, నల్లటి మసి పట్టిన ప్లగ్గులు. చోక్ కేబులు తిరిగి పూర్తిగా వెనక్కి పోతోందా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయిందా, గిన్నెలో ఫ్లోట్ కిందికి దిగబడి ఓవర్‌ఫ్లో అవుతోందా, ఈ మూడూ చూస్తే సాధారణంగా తేలిపోతుంది.

మీ దగ్గర ఇంకో పరీక్షాపత్రం కూడా ఉంది, డ్యాష్‌బోర్డు అరలో మడతపెట్టి పడుకుని ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్. ఐడ్లింగ్‌లో పొగగొట్టంలోంచి వచ్చే వాయువుల లెక్కలు అందులో ఉంటాయి. రెండు అంకెలు చూడండి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ శాతం, పాత పెట్రోలు కార్లకు పరిమితి 3 శాతం. రెండోది హైడ్రోకార్బన్లు, అంటే మండకుండా బయటికి పోతున్న పెట్రోలు. మొదటి అంకె ఐదో ఆరో ఉంటే బండి రిచ్. మొదటిది బాగా తక్కువుండి రెండోది మాత్రం ఆకాశాన్నంటుతుంటే పెట్రోలు పాళ్లు ఎక్కువ లేకపోయినా మంట అంటుకోవడం లేదని, స్పార్క్ తప్పుతోందనో మరీ లీన్ అయిందనో అర్థం. డాక్టరు దగ్గరికి రక్తపరీక్ష కాగితం పట్టుకెళ్లేవాళ్లం మెకానిక్ దగ్గరికి ఈ కాగితం ఎందుకు పట్టుకెళ్లమో తెలియదు. కాకపోతే గొట్టంలో నిజంగా మీటరు పెట్టి తీసిన కాగితమై ఉండాలి. బండి ముఖం చూడకుండా ఇచ్చే చీటీలు పోలీసుకు పనికొస్తాయేమో గానీ ఇంజనుకు పనికిరావు.

ఇక చోక్‌తో తేడా కనిపించని బళ్లు. ఇక్కడ మొదట తెలుసుకోవలసింది, అన్ని సిలిండర్లూ కుంటుతున్నాయా, ఒక్కటేనా అన్నది. ఇంజను ఆపి, ఒక సిలిండరు ప్లగ్గు వైరు తీసి, ఆ వైరుకు విడి ప్లగ్గు ఒకటి తొడిగి, ఇంజను లోహానికి గట్టిగా ఆనేలా పెట్టి స్టార్ట్ చేయండి. అంతకుముందుకన్నా ఘోరంగా ఊగితే ఆ సిలిండరు అప్పటిదాకా పనిచేస్తున్నట్టే. ఏమీ తేడా రాకపోతే దొంగ దొరికాడు. ఇలా మూడూ చూడాలి. నడుస్తున్న ఇంజను మీద వట్టి చేత్తో వైర్లు పీకే సాహసం వద్దు. వేల వోల్టుల షాకు కొడుతుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కూడా కాలిపోవచ్చు. కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న బళ్లలో ఈ పరీక్ష క్షణాల్లో ముగించాలి, మండని పెట్రోలు దాన్ని పాడుచేస్తుంది.

ప్లగ్గులు విప్పి వరుసగా కాగితం మీద పేర్చండి. లేత బిస్కెట్ రంగు మంచిది. పొడిమసి రిచ్. జిడ్డుగా తడి ఉంటే ఆయిలు లోపలికి దిగుతోంది. తెల్లగా కాలినట్టుంటే లీన్. మూడూ ఒకే రంగులో ఉంటే రోగం అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోట, అంటే కార్బొరేటర్లోనో కాయిల్‌లోనో ఉంది. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్లో ఉంది. గ్యాపు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, కంటితో కాదు, ఫీలర్ గేజ్‌తో.

వానాకాలంలో మాత్రమే వచ్చే మిస్సింగుకు రాత్రిపూట వైద్యం చేయాలి. దీపాలన్నీ ఆర్పేసి, ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడండి. పాత వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద నీలంగా మెరుపులు పాకుతూ కనిపిస్తే ప్లగ్గు దాకా పోవలసిన కరెంటు మధ్యలోనే దిగిపోతోంది. క్యాప్ లోపల గోళ్లతో గీసినట్టు సన్నటి నల్లగీతలు కూడా అదే కథ. తుడిస్తే రెండు రోజులు ఆగుతుంది, మారిస్తే పోతుంది. ఒక్క హెచ్చరిక. ఈ పరీక్షలు ఏవీ మూసిన షెడ్డులో చేయకండి. ఐడ్లింగ్‌లో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని పడుకోబెట్టేస్తుంది. కండువాలు, కొంగులు, లుంగీ అంచులు ఫ్యానుకు దూరంగా ఉండాలి. మారుతిలో ఫ్యాను కరెంటుది, ఎప్పుడు తిరగడం మొదలుపెడుతుందో చెప్పి తిరగదు.

స్పార్క్ ఉంది, పెట్రోలు ఉంది, గాలి కారడం లేదు, అయినా ఒక సిలిండరు చచ్చినట్టే ఉంది. అప్పుడు వాల్వులు. పూర్వం పెద్ద మేస్త్రీలు పొగగొట్టం దగ్గర ఒక కాగితం ముక్క వేలాడదీసి చూసేవారు. కాగితం ఒకే లయలో బయటికి కొట్టుకుంటూ ఉండాలి. మధ్యమధ్యలో లోపలికి అతుక్కుంటే ఒక ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి ఉండవచ్చు. ఇప్పటికీ ఇది మంచి పరీక్షే.

టాపెట్ల గురించి మనవాళ్లకు ఒక నమ్మకం ఉంది. చప్పుడు చేస్తే చెడ్డవి, నిశ్శబ్దంగా ఉంటే మంచివని. నాకు చప్పుడు చేసే టాపెట్ అంటే భయం లేదు, మూగబోయిన టాపెట్ అంటేనే భయం. చప్పుడు చేస్తోందంటే టాపెట్‌కీ వాల్వుకీ మధ్య సందు ఉంది, వాల్వు పూర్తిగా మూసుకుంటోంది. సందు పోయిందంటే వేడెక్కి వాల్వు కాడ సాగినప్పుడు అది మూసుకోలేదు, మంట పక్కనుంచి కారి అంచు కాలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కేకొద్దీ ఐడ్లింగ్ చెడిపోయే బళ్లలో దీన్ని తప్పకుండా చూడాలి. అంబాసిడర్, పద్మిని లాంటి పాత బళ్లలో దీనికి ఇంకో కారణం కూడా తోడైంది. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా ఆగిపోయింది. అది మన ఊపిరితిత్తులకూ పిల్లల మెదడుకూ జరిగిన గొప్ప మేలు. కానీ ఆ సీసం మెత్తటి వాల్వు సీట్లకు ఒక పూతలా పనిచేసేది. అది లేకపోయేసరికి సీట్లు అరిగి, వాల్వు పైకి జరిగి, సందు తనంతట తానే తగ్గిపోతూ వచ్చింది. టాపెట్లు ఎంత నిశ్శబ్దమైతే యజమాని అంత సంతోషించాడు. హెడ్డు విప్పించవలసి వస్తే గట్టి సీట్లు వేయించడం గురించి లేతు షాపులో తప్పక అడగండి.

హెడ్డు విప్పేముందు కంప్రెషన్ చూడాలి. మూడింటిలో ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువుంటే దానిలో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేసారి పడిపోతే హెడ్ గ్యాస్కెట్. ఈ పరీక్ష లేకుండా "ఇంజను దించాలి సార్" అన్నవాడి మాట నమ్మనక్కర్లేదు.

వీటన్నిటి తర్వాత, ఇప్పుడు, ఆ స్క్రూ. ఇంజను బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపల ఉండాలి, ఎయిర్ ఫిల్టరు మూత బిగించి ఉండాలి, లైట్లూ ఏసీ ఆపి ఉండాలి. ఎన్ని చుట్లు తిప్పామో లెక్క పెట్టుకుంటూ మిశ్రమం స్క్రూని మెల్లగా లోపలికి తిప్పి, ఇంజను తడబడే చోట ఆపి, మళ్లీ బయటికి తిప్పుతూ ఎక్కడ హాయిగా నడుస్తోందో అక్కడ వదలాలి. తర్వాత, మొదట్లో షెడ్డు కుర్రవాడు తిప్పిన ఆ వేగం స్క్రూతో 900 దగ్గర నిలబెట్టాలి. ఏసీ వేయగానే ఆగిపోతోందని వేగం పెంచకండి. ఏసీ బళ్లలో కంప్రెసర్ బరువు పడినప్పుడు థ్రాటిల్‌ని కాస్త తెరిచే ఐడిల్-అప్ ఏర్పాటు వేరే ఉంటుంది, దాని గొట్టం చూడండి.

ఎంపీఎఫ్ఐ బళ్లలో తిప్పడానికి ఏమీ లేదు, ఉన్నా తిప్పకూడదు. వాటిలో థ్రాటిల్ బాడీ చుట్టూ నల్లగా పట్టే మసి, ఐడ్లింగ్ గాలిని చూసుకునే వాల్వు, ఇంజను వేడిని కంప్యూటర్‌కి చెప్పే సెన్సరు, ఈ మూడూ మొదటి అనుమానితులు. వేడి సెన్సరు అబద్ధం చెబితే మే నెల మిట్టమధ్యాహ్నం కూడా కంప్యూటర్ చలికాలమనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

అన్నిటికన్నా మొండి రోగం చివర్న చెబుతాను. ముప్పై కిలోమీటర్లు హాయిగా పోయి, హఠాత్తుగా ఆగిపోతుంది. పావుగంట నీడన కూర్చుంటే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డుకి తీసుకెళితే సుబ్బరంగా నడుస్తుంది. మెకానిక్ మనవైపు అనుమానంగా చూస్తాడు. దీనికి కారణాలు కొన్నే. ట్యాంకు మూతలోని గాలికన్నం మూసుకుపోయి, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోవడం ఒకటి. ట్యాంకు అడుగునున్న చెత్త పైపు మూతికి అతుక్కుని, బండి ఆగాక జారిపోవడం ఒకటి. వేడికి కాయిల్ గానీ, ఎంపీఎఫ్ఐలో క్రాంక్ సెన్సరు గానీ మూర్ఛపోయి, చల్లారాక తేరుకోవడం ఒకటి. ఇక వేపర్ లాక్. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండాకాలం బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో చెప్పనక్కర్లేదు. పంపులో పెట్రోలుకు బదులు ఆవిరి నిండుతుంది. పద్మినీలు, అంబాసిడర్లు ఉన్న రోజుల్లో పంపు మీద తడిగుడ్డ వేసి నీళ్లు చల్లుతూ కూర్చున్న డ్రైవర్లను రోడ్డు పక్కన చూసే ఉంటారు.

ఈ రోగాలకు పరీక్ష చేయగలిగేది బండి ఆగిపోయిన ఆ పావుగంటలోనే. చేయవలసింది మెకానిక్ కాదు, మీరే. డిక్కీలో ఒక పాత ప్లగ్గు, ఒక ప్లయర్, ఒక బాటరీ లైటు ఉంచుకోండి. బండి ఆగగానే రోడ్డు పక్కకు తోయించి, నాలుగు లైట్లూ ఆడించి, ముందు ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే అక్కడే తేలిపోయింది. లేదంటే మూత మళ్లీ బిగించి, ఎయిర్ ఫిల్టరు తీసి, ఇంజను ఆపి ఉండగానే యాక్సిలరేటర్ కేబులు ఒకసారి లాగి కార్బొరేటర్ గొంతులోకి లైటు వేసి చూడండి. పెట్రోలు సన్నగా చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉన్నట్టు, చిమ్మకపోతే పంపుదో, ఫిల్టరుదో, వేడిదో తప్పు. తర్వాత ఫిల్టరు మూత తిరిగి పెట్టి, పెట్రోలు తడి ఎక్కడా లేదని చూసుకుని, పాత ప్లగ్గును వైరుకు తొడిగి ఇంజనుకు ఆనించి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. స్పార్క్ లేకపోతే కాయిల్ వైపు వెళ్లాలి. చూసింది చూసినట్టు, ఎండ ఎలా ఉందో, ఎంత దూరం వచ్చారో, ట్యాంకులో ఎంత ఉందో కూడా కలిపి, ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మెకానిక్ చేతిలో పెట్టండి. ఆ తర్వాత బండి చల్లారి, షెడ్డుకి వచ్చి, ఆయన ముందు ఎంత బుద్ధిగా నడిచి చూపించినా ఇబ్బంది లేదు.